మేకుకు వేలాడే జడ

నతానియేలు రోజూ పొద్దున్నే అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ పనికి పోయే ముందు భార్యకు జడ వేస్తాడు. ఆయన వరండాలో పీట మీద కూర్చుని జడ వేస్తుంటే, భార్య కృపాజ్యోతి వంటింట్లో చాయ్ పెడుతూ ఉంటుంది. జడ గోడకు కొట్టిన మేకుకు వేలాడుతుంది. ఆయన దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, విప్పి, నూనె రాసి, దువ్వి, మూడు పాయలుగా అల్లి, చివర రబ్బరు బ్యాండు వేసి మళ్లీ మేకుకు తగిలిస్తాడు. ఫామ్‌హౌస్‌లో గడ్డపార పట్టే చేతులు కదా, దువ్వెన పట్టినా అదే జోరు.

"అబ్బ! మెల్లగ!" అని వంటింట్లోంచి కేక వస్తుంది. "జుట్టు దువ్వుతున్నవా, గడ్డి పీకుతున్నవా?"

"చిక్కున్నది. నేనేం జెయ్యాలె?"

"కిందికెళ్లి దువ్వుకుంట మీదికి రావాలె. పెండ్లయి ఇరవై ఏండ్లాయె, గది గూడ తెల్వదా?"

"ఇరవై ఏండ్లల్ల నీ జుట్టు నా చేతికి ఎన్నడిచ్చినవ్?"

ఆమె చాయ్ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి, తలకు కట్టుకున్న స్కార్ఫు సర్దుకుని లోపలికి పోతుంది.

సంగతేమిటంటే, కృపాజ్యోతికి రొమ్ములో గడ్డ తేలింది. పట్నంలోని క్యాన్సర్ దవాఖానలో చూపిస్తే ముందు ఇంజక్షన్లు, తర్వాత ఆపరేషన్ అన్నారు. మూడు వారాలకొకసారి మందెక్కిస్తారని, జుట్టంతా రాలుతుందని, ముందే కత్తిరించుకుంటే మనసుకు కొంచెం తేలిక అని నర్సమ్మ చెప్పింది. కృపాజ్యోతి జుట్టు మోకాళ్లు తాకేది. మొయినాబాద్ సంతలో ఆమెను గుర్తుపట్టడానికి ముఖం చూడనక్కర్లేదు, వెనక నుంచి చూస్తే చాలు. ఆ జుట్టును ఎవరో మంగలికి అప్పగించడానికి మనసొప్పక, "నువ్వే కోయి" అని మొగుడి చేతికి కత్తెరిచ్చింది. జడ మొదట్లో నల్లదారం గట్టిగా చుట్టి ఆయన కోశాడు. కోసినంతసేపూ ఆమె కళ్లు మూసుకుని కీర్తన పాడింది. ఏడ్చింది ఆయనే.

తలకు మిగిలిన కురచ జుట్టు రెండో ఇంజక్షన్ నాటికి దిండు మీదికి వచ్చేసింది. మేకుకు తగిలించిన జడ అప్పటికి జానెడు పెరిగింది.

"చివర్లు చిట్లినయ్ చూడు కృపా," అంది పక్కింటి రుక్మిణమ్మ, జడను వెలుతురులోకి తిప్పి. "షాంపూలు గీంపూలు పెట్టకుండ్రి. మందారాకు నూరి రుద్దుండ్రి." ఆదివారాలు తమ చేనులోని చామంతులు మాలకట్టి పంపేది కూడా ఆమే. జుట్టుకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి ఒకడు వీధిలో పోతూ జడను చూసి ఆశగా ఆగాడు. చేత్తో పట్టుకుని, చప్పున వదిలేసి, "పానమున్న జుట్టు మేం తీసుకోమమ్మా" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మందెక్కించిన మర్నాడు జడ పీచుపీచుగా అయిపోయి ఎక్కడికక్కడ ముళ్లు పడేది. వాంతులు తగ్గుతున్నకొద్దీ ఆ చిక్కులు విడిపోయేవి. ఆమెకు నిద్రపట్టని రాత్రి గడిస్తే పొద్దున జడ వదులుగా ఉండేది. నతానియేలు ఇదంతా నేర్చుకున్నాడు. ఎంత నేర్చుకున్నాడంటే, లేవగానే పెళ్లాం ముఖం చూడకుండా మేకు వైపు చూడటం అలవాటైంది. అజీజ్‌నగర్‌లో చెట్లకు నీళ్లు పడుతూ మధ్యమధ్య రుక్మిణమ్మకు ఫోన్ చేసేవాడు.

"అమ్మా, జర మా ఇంట్లకు పోయి జడ మీద చెయ్యేసి చూడుండ్రి."

రుక్మిణమ్మ వచ్చి చూసేది. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న కృపాజ్యోతిని దాటుకుని పోయి మరీ చూసేది. "మంచిగనే ఉన్నది నతానేలూ, ఫికర్ చెయ్యకు" అని ఫోన్‌లో చెప్పేది. కృపాజ్యోతి తలెత్తకుండా చిక్కుడుకాయలు ఒలిచేది.

పాపం, ఆయన భయం ఆయనది. మనిషిని అడిగితే ఏం వినాల్సి వస్తుందో. జడ అయితే నోరు తెరిచి చెప్పదు.

నాలుగో ఇంజక్షన్ అయ్యాక డాక్టరు తడిమి చూసి, గడ్డ చేతికి తగలడం లేదన్నాడు. ఇంకా ఇంజక్షన్లు ఉన్నాయని, ఆపరేషన్ తప్పదని కూడా అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మొగుడూ పెళ్లాం ఇద్దరికీ మొదటి మాటే గుర్తుంది. ఊళ్లోకి వచ్చేసరికి ఆ ఒక్క మాటే మిగిలింది.

అది విని ఇంటికి పరుగున వచ్చింది సరోజమ్మ. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. మొగుడు పోయి చాలా కాలమైంది, ఒంటరి మనిషి. మనసు పెద్దదే, గొంతు ఇంకా పెద్దది కావడంతో ముందు అదే వినపడుతుంది.

"సాక్ష్యం చెప్పు బిడ్డ! ఈ ఆదివారమే చెప్పు. దేవుడు చేసిన మేలు కడుపుల పెట్టుకొని కూసోవద్దు."

ఆ చర్చిలో సాక్ష్యమంటే మామూలు విషయం కాదు. పొందిన మేలును అందరి ముందు నిలబడి చెప్పాలి. చెప్పాక అది చెప్పిన మనిషిది కాదు, సంఘానిది. తాగుడు మానేశానని సాక్ష్యం చెప్పిన భిక్షం ఆ నెల్లోనే కల్లు కాంపౌండు దగ్గర కనిపించాడు. తర్వాత నిజంగానే మానేశాడు, ఏళ్లు గడిచిపోయాయి, అయినా ఇప్పటికీ చిన్నపిల్లలతో సహా అందరికీ ఆయన సాక్ష్యం భిక్షమే.

కృపాజ్యోతి సంతోషంగానే లేచి నిలబడింది. స్కార్ఫు మీద కొంగు కప్పుకుని, "ప్రభువు నన్ను ముట్టిండు. నా గడ్డ కరిగిపోయింది" అంది. హల్లెలూయలతో రేకుల కప్పు అదిరింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది సరోజమ్మ. ఆ రోజు నుంచి ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పుల వాళ్లు, పిల్లలు లేని వాళ్లు, పరీక్ష తప్పిన వాళ్లు. చందనవెల్లి కంపెనీలో పనిచేసే ఒకమ్మాయి షిఫ్టు దిగి నేరుగా వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమంది. సరోజమ్మ అయితే రోజూ వచ్చేది. "మళ్ల తగుల్తలేదు కద బిడ్డ? మంచిగ చూసుకున్నవా?" అని అడిగి, లేదంటే నిట్టూర్చి పోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కృతజ్ఞత కూడిక పెట్టాలని కూడా ఆమే తీర్మానించింది. ఇంటి ముందు టెంటు, బగారన్నం, ఊరందరికీ పిలుపు.

ఐదో ఇంజక్షన్ నుంచి మందు మార్చారు. కృపాజ్యోతికి కాలివేళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత చీమలు కూడా పోయి, అరికాళ్లు తనవి కానట్టయ్యాయి. ఒకరోజు కుళాయి దగ్గరి నుంచి ఇంటికి వచ్చాక చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ జారిందో తెలియలేదు. చేతిలోంచి గ్లాసులు పడిపోయేవి. జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి అరగంట పట్టేది. బిందె ఎత్తితే ఆయాసం వచ్చేది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే సాక్ష్యం ఏమైపోవాలి? తనను సాక్ష్యం కృప అని పిలిచినా ఆమె ఓర్చుకునేది. దేవుడు సగం పని చేసి వదిలేశాడని జనం అనుకుంటే మాత్రం తట్టుకోలేదు. ప్రార్థన చేయించుకుని పోయిన ఆ చందనవెల్లి పిల్ల ముఖం గుర్తొచ్చేది.

వరండాలో నతానియేలుకు వేరే అనుభవం. జడ చివర్లు ఎంత గట్టిగా దువ్వినా వంటింట్లోంచి కేక రావడం లేదు. పైన దువ్వితే తిడుతుంది, కింద దువ్వితే ఉలుకూ పలుకూ లేదు. ఒక పొద్దున చివర ఒక పాయ పట్టుకుని కావాలని గుంజాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగలేదు.

"కృపా," అని పిలిచాడు.

"ఏంది?"

అడగాల్సిన మాట నాలుక మీదిదాకా వచ్చింది.

"ఏం లేదు. చాయ్ అయిందా?"

ఆ రోజు ఫామ్‌హౌస్‌లో ఒకే మామిడిచెట్టుకు మూడుసార్లు నీళ్లు పట్టాడు. పాకిందేమో. నరాలకు పాకిందేమో, తలకు పాకిందేమో. ఎవరినైనా అడుగుదామంటే, ఆయన కూడా సాక్ష్యానికి ఆమేన్ అన్నవాడే.

కూడిక రోజు రానే వచ్చింది. తెల్లవారకముందే కృపాజ్యోతికి చలి పుట్టింది. జ్వరం వస్తే గోలీ వేసుకుని పడుకోవద్దని, వెంటనే దవాఖానకు రావాలని, ఈ మందుకు ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుందని నర్సమ్మ మొదటి రోజే చెప్పింది. ఆ మాట ఆమెకు బాగా గుర్తుంది. అయినా డోలో గోలీలు రెండు మింగి, రగ్గు కప్పుకుని కాసేపు ఒణికి, లేచి బియ్యం నానబోసింది.

పండుగ పూట కదా అని నతానియేలు చామంతి మాల పట్టుకుని జడ దగ్గరికి వచ్చాడు. ముట్టుకోగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జడ వేడిగా ఉంది. నల్లదారం చుట్టిన చోట చెమట తడి.

"కృపా, జడ కాలిపోతున్నది."

"ఎండల పెట్టినవేమో."

"ఎండెక్కడిది? గిప్పుడే తెల్లారె."

థర్మామీటర్ తెచ్చాడు. ఆమె నోట్లో పెట్టుకుని, తీసి, ఆయన ముఖం ముందు ఆడించింది. జ్వరం లేదు. గోలీ తన పని చక్కగా చేసింది.

"చూస్తివా? పో, కుర్చీలేయి పో."

ఆయన కదల్లేదు. జడ వైపు, థర్మామీటర్ వైపు, మళ్లీ జడ వైపు చూశాడు. "గోలీ వేసుకున్నవా?" అని గొణిగాడు. అదీ జడ వైపు చూస్తూనే.

కృపాజ్యోతికి కోపం వచ్చింది. ఎన్నాళ్ల నుంచి కూడిందో ఆ కోపం. "దాన్నే అడుగు. నా జుట్టునడుగు, రుక్మిణమ్మనడుగు, నర్సునడుగు. ఇన్నొద్దులల్ల ఒక్కపారన్న నన్నడిగినవా, ఎట్లున్నదే నీకని? నా ముఖం దిక్కు చూసి ఎన్ని దినాలాయె?"

అంతలో గేటు దగ్గర "వందనాలు బిడ్డా!" అని సరోజమ్మ గొంతు వినపడింది. వెనక ఆడవాళ్లు, అల్లం వెల్లుల్లి డబ్బాలు, గంటెలు. కృపాజ్యోతి కోపం చప్పున చల్లారి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈ కూడిక ఒక్కటి కానియ్యి. నీ కాళ్లు మొక్కుత. అయినంక ఎక్కడికంటే అక్కడికి వస్త."

నతానియేలు సరేనన్నాడు. అనకూడదు, అన్నాడు. చామంతి మాల చుట్టి జడను తీసుకుపోయి లోపల తలుపు వెనక మేకుకు తగిలించి, పైన తువాల కప్పాడు.

మధ్యాహ్నానికి టెంటు నిండిపోయింది. పాటలయ్యాయి. చర్చి పాస్టరు పేతురు అయ్యగారు ప్రార్థనకు లేచారు. అయ్యగారి ప్రార్థన మొదలైతే బగారన్నం చల్లారాల్సిందేనని ఊళ్లో పేరు. ఆదాము దగ్గర మొదలుపెట్టి నిదానంగా వస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నతానియేలు మూసుకోలేకపోయాడు.

తలుపు కింది నుంచి సన్నగా నీళ్లు రావడం ఆయనే చూశాడు. బండల మీద పారుతూ గడప దాకా వచ్చాయి. లేచి పోయి తలుపు వెనక చూశాడు. తువాల తడిసి ముద్దయింది. జడ మొత్తం వణుకుతోంది. పొద్దున పెట్టిన చామంతులు కమిలి నల్లబడ్డాయి.

బయటికి వచ్చి భార్య వైపు చూశాడు. ముందు వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పళ్లు కొట్టుకోకుండా దవడలు బిగించి పట్టుకుంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఈ ముఖాన్ని తను ఇంతకాలం చూడలేదని ఆయనకు అర్థమైంది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"అయ్యగారూ," అన్నాడు. నతానియేలు చర్చిలో గొంతు విప్పి మాట్లాడింది ఎవరూ ఎరగరు. "అయ్యగారూ, జర ఆపుండ్రి."

అయ్యగారి ప్రార్థనను అంతవరకు ఎవరూ ఆపి ఉండరు. జనమంతా కళ్లు తెరిచారు. నతానియేలు కుర్చీల మధ్య నుంచి వచ్చి భార్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కృపా, ఎట్లున్నది నీకు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చుట్టూ ఊరంతా ఉంది.

"మంచిగ లేదు," అంది.

ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. తెల్లారకముందు నుంచి చలి అంది. గోలీలు మింగి జ్వరం దాచిన అంది. అరికాళ్లకు నేల తెలుస్తలేదు, చెప్పు జారితే సోయి లేదు, కుళాయి దాక నడిస్తే ఊపిరందుతలేదు అంది. "సాక్ష్యం చెప్పిన నోరు కద, ఈ మాట చెప్పరాలేదు. నాకు భయమైతున్నదయ్యా" అని ఆయన భుజం మీద తల వాల్చి ఏడ్చింది.

"నాక్కూడ," అన్నాడాయన.

పేతురు అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆమేన్," అన్నారు. "నా వ్యాను తాళంచెవి ఎవరి దగ్గరున్నది?"

వ్యాను గేటు దగ్గరికి వచ్చేలోపు సరోజమ్మ లోపలికి పోయి జడను మేకు నుంచి దింపింది. బకెట్‌లో తువాల ముంచి జడకు చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వ్యాను ఎక్కింది. దారి పొడవునా బాటిల్ నీళ్లతో తువాల తడుపుతూనే ఉంది. అజీజ్‌నగర్ దాటేసరికి ముందు సీట్లో కృపాజ్యోతి వణుకు కొంచెం తగ్గింది. అంత పెద్ద గొంతున్న సరోజమ్మ దవాఖాన చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరు రక్తం పరీక్ష చూసి తల పంకించాడు. "తెల్లకణాలు దాదాపు లేవు. గోలీతో జ్వరం కనబడకుండ పోయింది గాని లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతనే ఉన్నది. రేపు పొద్దున తెచ్చి ఉంటే మేం చేసేది ఏం ఉండకపోవు." వెంటనే యాంటిబయాటిక్ మొదలుపెట్టారు. నర్సమ్మ జడను శుభ్రంగా తుడిచి, సెలైన్ స్టాండుకు సీసా పక్కనే తగిలించింది.

రెండు రోజులు కృపాజ్యోతి అటా ఇటా అన్నట్టుంది. మూడో రోజు కళ్లు నిలిపి చూసింది. నతానియేలు స్టాండు వైపు తల తిప్పకుండా ఆమెనే చూస్తూ, "ఎట్లున్నది?" అని అడిగాడు. నోరు పూసింది, అన్నం ముద్ద మంటెక్కుతుంది అంది. మజ్జిగ తెచ్చాడు. సాయంత్రం మళ్లీ అడిగాడు. నడుం గుంజుతుంది అంది. ఒత్తాడు. అడగడం ఇంత తేలికని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కాళ్ల సంగతి డాక్టరుకు ఆమే చెప్పింది. "సార్, అది పాకిందా?" అని కూడా ఆమే అడిగింది. నతానియేలు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"పాకడం కాదమ్మా. మందుకు నరాలు తిమ్మిరెక్కినయి. చాలమందికి అయితది. ముందే చెప్పి ఉంటే డోసు తగ్గించేటోళ్లం. ఇప్పుడు తగ్గిస్తం. ఎక్కువ మందికి మెల్లగ తగ్గుతది, కొందరికి కొంచెం మిగులుతది."

డాక్టరు వెళ్లాక మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వారు. ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని, ఇద్దరూ విడివిడిగా మోసుకుని తిరిగారు. నవ్వుతూ నవ్వుతూ నతానియేలు బయటికి పోయి నల్లా దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు.

కణాలు పెరిగాయి, ఇక పరవాలేదు అని డాక్టరు అన్న తర్వాతి ఆదివారం కృపాజ్యోతి మూతికి మాస్కు పెట్టుకుని చర్చికి పోయింది. సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఉన్నారా అని అయ్యగారు అడగ్గానే లేచింది.

"నేను చెప్పిన సాక్ష్యంల కొన్ని మాటలు తక్కువైనయి. ప్రభువు నన్ను ముట్టిండు, అది నిజం. నాకింక జబ్బున్నది, అది గూడ నిజం. కాళ్లల్ల తిమ్మిరున్నది, ఇంజక్షన్లున్నయి, ఆపరేషనున్నది. మీకు చెప్పనీకి సిగ్గై దాచిన. ఆ సిగ్గుకు సచ్చిపోతుంటి. దవాఖానల సూది గుచ్చుతున్నప్పుడు గూడ ఆయన నన్ను ముట్టిండు. అది చెప్పనీకే వచ్చిన."

హల్లెలూయ అని ఎవరూ అనలేదు. మగవాళ్ల వైపు నుంచి ఒక్క "ఆమేన్" వచ్చింది. అది నతానియేలుది. కృపాజ్యోతి కూర్చుంది. చెప్పకుండా ఉండాల్సిందేమోనని మనసు పీకింది. కూడిక ముగిశాక ఎప్పుడూ ముందుగా వచ్చి వాటేసుకునే సరోజమ్మ ఆ రోజు తల వంచుకుని గబగబా వెళ్లిపోయింది. అది ఆమెకు ఇంకా బాధనిపించింది.

మర్నాడు పొద్దున నతానియేలు జడ విప్పి దువ్వుతుండగా గేటు చప్పుడైంది. సరోజమ్మ. వందనాలు అని గేటు దగ్గరి నుంచే అరిచే మనిషి మెల్లగా వచ్చి వరండా అంచున కూర్చుంది.

"ఇటియ్యి నతానేలూ. నువ్వల్లేది తాడు, జడ గాదు."

దువ్వెన అందుకుని, జడను ఒళ్లో పరుచుకుని, అరచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. "చల్లగున్నది," అంది తనలో తాను.

"పానం మంచిగనే ఉన్నదవ్వా," అంటూ కృపాజ్యోతి చాయ్ తెచ్చి ఇచ్చింది. "కాళ్లే జర ఒక తీరుగున్నయి."

సరోజమ్మ చాయ్ ముట్టుకోలేదు. చకచకా అల్లింది. అల్లినదాన్ని మళ్లీ విప్పింది. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. నతానియేలు ఆమె చేతుల వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు, బండి తుడుచుకుంటానని లేచి గేటు బయటికి పోయాడు.

"బిడ్డా," అంది సరోజమ్మ. "నీ గడ్డ మొదట్ల ఎంతుండె?"

"నిమ్మకాయంత."

"నొస్తుండెనా?"

"లేదవ్వా. నొప్పి లేకపాయె. అందుకే ఊకున్న."

సరోజమ్మ వేళ్లు జడలోనే ఆగిపోయాయి.

"నాది గూడ నొస్తలేదు."

కృపాజ్యోతి చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"ఏడాదాయె బిడ్డ. ఎవ్వరికి చెప్పలే. నీది కరిగిందంటే నాకు పానం లేచొచ్చింది. నీ నోటెంబడి సాక్ష్యం వింటే నాది గూడ పోతదనుకున్న. అందుకే నిన్ను నిలవడుమని సతాయించిన. రోజు నిన్నడిగి పోయి, ఇంటికాడ నాది చూసుకుంటుంటి." ఆమె గొంతు ఇంత చిన్నగా కూడా ఉండగలదని కృపాజ్యోతికి తెలియదు. "వ్యానుల గీ జుట్టుకు తడిబట్ట వేసుకుంట పోతిమి కద. ఇది నా చేతుల్ల గజగజ వణుకుతుంటే, నాకు గిట్లయితే ఎవ్వరు పట్టుకుంటరు అనిపించింది. అప్పుడే నీకు చెప్పాలనుకున్న. నిన్న నువ్వు లేచి నిలవడ్డంక ఇగ దాచరాలేదు."

భయపడకండి అని కృపాజ్యోతి అనలేదు. దేవుడున్నాడు అని కూడా అనలేదు, అది సరోజమ్మకు తెలియని సంగతి కాదు. వచ్చి పక్కన కూర్చుని, జడ మీద ఉన్న ఆమె చేతుల మీద తన చేతులు పెట్టింది.

"ఎప్పటికెల్లి చూసినవవ్వా? ఏ దిక్కు? రంగు మారిందా? చంక దిక్కు గూడ తగుల్తున్నదా?"

సరోజమ్మ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. గేటు బయట నతానియేలు ఫామ్‌హౌస్‌కు ఫోన్ చేసి ఈ రోజు పనికి రానని చెప్పాడు. తర్వాత రోడ్డు మీదికి పోయి ఆటో మాట్లాడుకొచ్చాడు. దవాఖానలో కొత్తవాళ్లకు చిట్టీలు ఏ కిటికీ దగ్గర ఇస్తారో, ఏ బెంచీ మీద కూర్చుంటే డాక్టరు గది కనపడుతుందో ఆయనకు ఇప్పుడు కంఠతా వచ్చు.

ఆటోలో ఆడవాళ్లిద్దరూ వెనక కూర్చున్నారు, ఆయన డ్రైవరు పక్కన సర్దుకున్నాడు. లంగర్‌హౌజ్ దాటే దాకా సరోజమ్మ చెబుతూనే ఉంది, కృపాజ్యోతి అడుగుతూనే ఉంది.